గుర్రం పీల్చే గాలి

మా బావ పోయారని అక్క ఫోన్ చేసేసరికి నేను పామర్రు బస్టాండులో ఉన్నాను. "గుర్రానికి నీళ్ళు పెట్టొచ్చి వరండాలో కూర్చున్నారురా తమ్ముడూ. కాఫీ తెచ్చేలోపే..." అంది. ఆ పైన అనలేకపోయింది. వస్తున్నానని మాత్రం అన్నాను. మామూలుగానే నాకు మాటలు తక్కువ. విజయవాడ బస్సెక్కి కూర్చున్నాను.

నేను మాట్లాడనని బావకి ఎప్పుడూ వేళాకోళమే. భవానీపురంలో వాళ్ళ గేటు తీయగానే, "ఏం బావమరిదీ, నోరు పామర్రులోనే మర్చిపోయొచ్చావా? పోనీలే, నువ్వూ మా గుర్రమూ కూర్చుని కబుర్లాడుకోండి" అనేవారు. నిజంగానే నాకూ దానికీ బాగా కుదిరేది.

ఆయన పుట్టింది వ్యవసాయం ఇంట్లో. గేదెల మధ్య పెరిగారు. వయసు మళ్ళాక, పెళ్ళి ఊరేగింపులకు తిప్పే తెల్ల ఆడగుర్రాన్ని ఒకదాన్ని కొన్నారు. అటు ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళి పెళ్ళికొడుకుల్ని ఊరేగించి వచ్చేవారు. పిల్లల్లేని ఇల్లు. ఆ గుర్రం వచ్చాక అక్కతో పోట్లాటలు కూడా దాని గురించే.

వచ్చిన మొదటి వానాకాలం దాన్నీ గేదెని చూసినట్టే చూశారు. జల్లు కొట్టకుండా షెడ్డుకి నాలుగు పక్కలా టార్పాలిన్లు బిగించారు. కింద వరిగడ్డి మందంగా పరిచారు. సందెవేళ దోమలకు వేపాకు పొగ వేశారు. మా వైపు పశువుల పాకలో చేసేది అదే కాబట్టి నాకూ తప్పనిపించలేదు. ఎంత వెచ్చగా పెట్టారో అనుకున్నాను.

గుర్రం దగ్గడం మొదలుపెట్టింది. దగ్గింది కదా అని బావ ఇంకో పట్టా కట్టారు. ముక్కులు కారాయి. మేత వాసన చూసి వదిలేసేది. పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి. అప్పుడు పశువుల డాక్టరమ్మని పిలిచారు. ఆవిడ లోపలికి వెళ్ళి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"చలికి ఇది తట్టుకుంటుంది బాబాయిగారూ. ఈ ఘాటుకి తట్టుకోలేదు. గడ్డి మూత్రానికి తడిసి కుళ్ళుతోంది, బూజు పట్టింది. పైగా పొగ. ఊపిరితిత్తులు పాడైపోతున్నాయి."

"పక్కలకు కట్టిన పట్టాలు తీసేస్తే తడిసి జబ్బు చెయ్యదామ్మా?"

"పైకప్పు చాలు. గాలి ఆడనివ్వండి. మేత తడిపి పెట్టండి. మందులిస్తాను గానీ, బతుకుతుందని ఇప్పుడే మాటివ్వలేను."

ఆవిడ వెళ్ళాక బావ తిన్నగా షెడ్డు వైపు నడిచారు. లోపలికి వెళ్ళి, గుర్రం మేతకు తల వంచే చోట గోనెపట్టా పరుచుకుని పడుకున్నారు.

"ఏమండీ! పిచ్చి గాని పట్టిందా మీకు?" అని అక్క కేకలు.

"అది పీల్చేదేంటో చూడనీవే."

చాలాసేపటికి బయటికొచ్చారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. దగ్గు ఆగడం లేదు. "నాకైతే కట్టుతాడు లేదు, లేచొచ్చాను. దాన్ని ఇందులో కట్టేశానే!" అన్నారు. వానలోనే టార్పాలిన్లు కోసి పారేశారు. నేను గడ్డి ఎత్తి బయట పోశాను. నేల కడిగి, పొడి ఊక పరిచాం. పొగ కుండ అక్కే తీసుకెళ్ళి చెత్తలో పడేసింది.

ఆ రోజు పట్టుకున్న అలవాటు బావ చివరిదాకా మానలేదు. కాలం మారితే ముందు తను షెడ్డులో పడుకోవలసిందే. ఎండలకి రేకు కాగిపోతుంటే మిట్టమధ్యాహ్నం లోపల పడుకుని, మర్నాడే పైన తాటాకు కప్పించారు. కృష్ణ మీంచి మంచు దిగే రోజుల్లో తెల్లారుజామున పడుకుని, ఈదురుగాలి ఏ మూల నుంచి కొడుతుందో ఆ మూల మాత్రం గోనె కట్టారు. "నోరున్నవాడు ఉక్కగా ఉందంటాడు బావమరిదీ. నోరు లేనిదాన్ని అడగాలంటే దాని చోట పడుకోవాలి" అనేవారు. నేను గుళ్ళూ గోపురాలూ చూశాను. ఆయన అలా పడుకోవడం చూసినప్పటిలా దేని ముందూ నాకు నోరు పడిపోలేదు.

ఆ మొదటి వానాకాలం గుర్రం వెంటనే తేరుకోలేదు. పక్కలు తీసేసినా దగ్గు తగ్గలేదు. డాక్టరమ్మ వచ్చి సూది వేసి, చూద్దామని వెళ్ళేది. బావ తడిపిన మేత గుప్పిళ్ళతో అందించేవారు. అది తల తిప్పుకునేది. "నీ ఇష్టమే తల్లీ, రేపు తిందువుగాని" అని మళ్ళీ మర్నాడు అందించేవారు. కోప్పడగా నేను చూడలేదు.

ఆయన పోయిన దగ్గర్నుంచి నా కళ్ళకు కడుతున్నది ఆ వానాకాలంలోనే ఒక పొద్దు. వాన వెలిసింది. నది వైపు నుంచి చల్లటి గాలి షెడ్డులోంచి అడ్డంగా పోతోంది. బావ మేత పట్టుకుని నిలబడ్డారు. గుర్రం మెడ సాచి వాసన చూసింది. ముక్కుపుటాలు ఇంత వెడల్పు చేసి, కడుపు నిండా గాలి పీల్చుకుంది. దగ్గు వస్తుందేమోనని మేమిద్దరం బిగుసుకుపోయాం. రాలేదు. ఫుర్రుమని ఒక్కసారిగా వదిలింది. ఆ ఊపిరికి బావ చేతిలో మేత చెదిరింది, నెరిసిన జుట్టు పైకి లేచింది. మొహమంతా తుంపర్లు. తుడుచుకోలేదు. తీర్థం పుచ్చుకున్నవాడిలా కళ్ళు మూసుకుని, ఇంకోసారి వదులుతుందేమోనని మొహం అలాగే దాని ముందు పెట్టి నిలబడ్డారు.