ఇరవై మిల్లీమీటర్ల ప్లేటు

బట్టలకు రంగులద్దే మా మిల్లులో పెద్దమేస్త్రిని అందరూ మిల్లీమీటర్ మేస్త్రి అనేవారు. ముప్పయ్యేళ్లలో ఆయన తెప్పించిన మోటారు ఒక్కటీ వెనక్కి పోలేదు. నేను లేత్ మీద కొత్తగా చేరినప్పుడు ఒకటే పాఠం చెప్పాడు.

“హార్స్‌పవర్ ఒక్కటే చూసి మోటారు తెచ్చావంటే నట్టేట మునిగావన్నమాటే. ఫ్రేమ్ చూడరా. నూటపన్నెండు అంటే కాళ్ల అడుగు నుంచి షాఫ్టు మధ్యకు నూటపన్నెండు మిల్లీమీటర్ల ఎత్తు. నూటముప్పైరెండుకి నూటముప్పైరెండు. ఆ ఎత్తు దొరికితే బోల్టు బెజ్జాలూ, షాఫ్టు లావూ చాలావరకు దొరికినట్టే.”

ఆయన తమ్ముడు చిన్నమేస్త్రి. చేతిలో పనితనం ఉన్నవాడు. కానీ అన్న నోట ఎప్పుడూ “అతుకుల బొంత” తప్ప మరో మాట రాలేదు. ఏది బిగించినా అన్న ముఖం వైపు చూసేవాడు. మహా అయితే వచ్చేది ఒక్క “ఊఁ”.

ఒకసారి పెద్దమేస్త్రి కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో పడ్డాడు. అప్పుడే మిల్లులోని రెండు నీళ్ల పంపుల్లో ఒకదాని మోటారు కాలిపోయింది. అదే సైజుది దొరక్క తమ్ముడు వేరేది బిగించి, అన్న మంచం దగ్గరికి వెళ్లాడు.

“అన్నయ్యా, కాలు బాగయ్యాక ఒక్కసారి వంగి చూడు.”

“చూసేదేముంది? తిరుగుతోందిగా!”

పనిలోకి వచ్చాక రోజూ దాని ముందు నుంచే నడిచాడు, వంగలేదు. మరుసటి ఏడు చిన్నమేస్త్రి గుండె ఆగి పోయాడు. స్టోరు పని ఆయన భార్యకు ఇచ్చారు. “బావగారి నోట ఆయన పనికి ఒక్క మంచి మాట వింటే చాలన్నా” అని ఆమె ఒకసారి నాతో అంది.

ఆరేళ్లకు ఆ మోటారూ కాలింది. దాని వివరాల రేకు మీద అక్షరాలు చెరిగిపోయాయి. పెద్దమేస్త్రి స్కేలు పెట్టాడు. నూటముప్పైరెండు.

“బావగారూ, కింద ఏదో పెట్టానని ఆయన అనేవారు. విప్పి చూస్తే...”

“వాడు పెట్టింది నా కంటికి కనపడదా అమ్మా? నూటముప్పైరెండని రాయి.”

కొత్తది వచ్చిన రోజున పాతదాన్ని లేపాం. లేచింది నూటపన్నెండు ఫ్రేమ్. కింద ఇరవై మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు మిగిలింది. చిన్నమేస్త్రి దాన్ని అడుగున బేసు దిమ్మ బెజ్జాలకూ, పైన చిన్న మోటారు బెజ్జాలకూ విడివిడిగా బిగించాడు. కాళ్ల అంచుకు సరిగ్గా ప్లేటు అంచును ఆకురాయి పట్టి, పుట్టీ పెట్టి రంగు వేశాడు. అతుకు ఎవరికీ కనపడలేదు. కొత్త మోటారు కాళ్ల బెజ్జాలు ప్లేటు బెజ్జాలకు ఒక్కో వైపు పదమూడు మిల్లీమీటర్లు బయటికి పోయాయి.

“ఏం మేస్త్రీ, మిల్లీమీటర్ జారిందా?” అని ఫిట్టర్ నవ్వాడు.

పెద్దమేస్త్రి ప్లేటు మీద స్కేలు నిలబెట్టి, ఎగుడుదిగుడుంటే కింద వెలుతురు దూరుతుందేమో చూశాడు. దూరలేదు. బొటనవేలి గోటిని అంచు పొడవునా పోనిచ్చాడు. మళ్లీ పోనిచ్చాడు.

మరదలు స్టోరు నుంచి వచ్చి చూసింది. “ప్లేటు తీసేస్తే కొత్తది నేరుగా కూర్చుంటుంది కదా బావగారూ. కప్లింగ్ బెజ్జం పెద్దది చేస్తే చాలు. మీ మాటా నిలబడుతుంది.”

నిజమే. ఆ బేసు మొదట్నుంచీ నూటముప్పైరెండుకి వేసిందే; పంపునూ మోటారునూ కలిపే కప్లింగ్ నా లేత్ మీద పూట పని.

“ప్లేటు కదపొద్దమ్మా. మోటారు వెనక్కి పంపు. కొలత తప్పు నాదని రాయి.” ప్లేటు మీద అరచెయ్యి పెట్టాడు. “ఇంత పని నాకూ రాదు. రమ్మన్నాడమ్మా... చూడమన్నాడు.”

ఆమె రాసుకుని కలం మూసింది. “మీరు వస్తారని రెండు నెలలూ ఆ పంపు చుట్టూ నేల తనే తుడిచేవారు బావగారూ.”

తొమ్మిది రోజులు రెండో పంపుతోనే నెట్టుకొచ్చాం. నూటపన్నెండు ఫ్రేమ్ వచ్చింది. ప్లేటు మీద పెట్టి షాఫ్టులు కలిపితే, ఎత్తు సరిచేయడానికి కాళ్ల కింద రేకు ముక్క కూడా అవసరం పడలేదు. రంగు పెద్దమేస్త్రే వేశాడు. మోటారుకు వేశాడు, బేసుకు వేశాడు. ప్లేటు అంచును మాత్రం పాత రంగూ పుట్టీ గీకి, తుడిచి, నూనె రాసి, అలాగే వదిలేశాడు.