నైరుతి గది

ఒక వాక్యాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. చిన్నదే. అబద్ధం కూడా కాదు. అబద్ధమే అయివుంటే ఎప్పుడో ఒప్పేసుకునేవాణ్ణేమో. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెబుతున్నాను.

మదనపల్లెలో మా పక్కిల్లు రెడ్డెప్పన్నది. టమాటా వ్యాపారి. ధరలు పడిపోయి, ఇంటిమీద తెచ్చిన బ్యాంకు అప్పు కట్టలేకపోయాడు. వేలం నోటీసు వస్తే చదివిపెట్టింది నేనే. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కదా. వేలందాకా పోనివ్వకుండా తనే అమ్ముకుంటే అప్పు తీరి కొంత మిగులుతుందని చెప్పిందీ నేనే. మంచి సలహా. ఆ మిగిలినదానితో పుంగనూరులో చిన్న మండీ పెట్టుకుంటానన్నాడు.

కుప్పం నుంచి గ్రానైట్ వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఇల్లు నచ్చింది, ధర కుదిరింది. మా వైపు బయానా ఇచ్చేముందు పక్కింటివాణ్ణి చాటుగా అడగడం రివాజు. ఆయన మా గేటు దగ్గర ఆగాడు.

"సార్, సదువుకున్నోళ్లు, మీరు సెప్పండి. ఇంటికి దోషమేమన్నా ఉండాదా?"

"వాస్తు నాకు తెలీదన్నా." కాస్త ఆగాను. అలా ఆగడం నాకెవరు నేర్పారు? "ఆ నైరుతి గదిలో మాత్రం ఎవురూ పడుకోరు."

"యాల?"

"ఏమో. వాళ్లనే అడగల్ల."

ఎవరూ పడుకోని మాట నిజం. ఆ గది నిండా ఖాళీ టమాటా క్రేట్లు. ఇల్లు చూపించే రోజున రెడ్డెప్పన్న దాని తాళంచెవి ఎక్కడో మరిచిపోయాడు, అంతే. ఇలాంటివి ఎవరూ ఇంటివాళ్ళను అడగరని నాకు తెలుసు. నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి, వాస్తును నమ్మను. ఆయన నమ్ముతాడని మాత్రం గట్టిగా నమ్మాను.

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆయనొక్కడికే చెప్పాను. మిగతా ఊరికి ఆయన చెప్పాడు. మరి ఏ బేరమూ రాలేదు. వేలం దగ్గరపడ్డాక రెడ్డెప్పన్నే మా గడపెక్కాడు. సరిగ్గా బ్యాంకు అప్పు తీరే ధరకు ఇల్లు నేనే కొన్నాను. ఆయనకు మిగిలింది సామాన్ల లారీ. ఆదుకున్నానని వీధి మెచ్చుకుంది. మొహమాటస్తుణ్ణి, కాదనలేకపోయాను.

గేటు దగ్గర ఆ మాట అన్నప్పుడే ఇల్లు కావాలనుకున్నానా? లేక ఊరికే నోరు జారి, తరువాత దాని లాభం నా గుమ్మంలోకి నడిచొస్తే లోపలికి రమ్మన్నానా? రెండోదే అని చాలాకాలం వాదించుకున్నాను. మరి ఆ క్రేట్ల సంగతి ఎందుకు చెప్పలేదు? అక్కడికొచ్చేసరికి వాదన ఆగిపోతుంది.

ఈమధ్య పుంగనూరులో రెడ్డెప్పన్న కనబడ్డాడు. వేరేవాళ్ళ మండీలో కూలికి క్రేట్లు దించుతున్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"అప్పా, నా మింద కోపం పెట్టుకోబాక. ఆ గదికి దోషం ఉండాదంట, నాకే తెలీకపాయె. తెలిసుంటే నీకు అంటగట్టేవాణ్ణి కాదు. పిల్లోళ్లను ఆడ పండబెట్టబాకప్పా."

"పర్లేదులేన్నా," అన్నాను. అంటే, ఆయన్ను క్షమించాను.

ఆ గదికి ఏ దోషమూ లేదు. ఇన్నాళ్ళకు ఈ మాట ఒకరికి చెప్పగలిగాను, గుండె కొంచెం తేలికపడింది. చెప్పవలసినవాడు మాత్రం పుంగనూరులో ఉన్నాడు.