చౌరస్తాలో చాచా ఫ్లెక్సీ

డిగ్రీ ఆఖరి ఏడాదిలో మా మీడియా సార్ అందరి చేతుల్లో ఒక జిరాక్స్ కాగితం పెట్టి, సంగీత పత్రిక డిజైన్ చేసుకురండి అన్నాడు. కవర్ పేజీ ఒకటి, విషయసూచిక ఒకటి, లోపల రెండు పేజీల వ్యాసం ఒకటి. ఆ కాగితం ఏ దేశం సిలబస్సో గానీ, ప్రతి ఉదాహరణలోనూ గిటార్ ఉంది. ఆర్మూర్‌లో గిటార్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే మా క్లాసుకు వారం పట్టింది. చివరికి ఒక ఫొటో స్టూడియోలో దొరికింది, తీగలు లేనిది. పెళ్లికొడుకులు దాన్ని పట్టుకొని ఫొటోలు దిగుతారట. ఇంకేం, సగం క్లాసు ఆ తీగల్లేని గిటార్ పట్టుకొని, నల్లకళ్లద్దాలు పెట్టుకొని, పసుపు మార్కెట్ గోడ ముందు నిలబడి రాక్ స్టార్లైపోయింది.

నేను వాళ్లను చూసి నవ్వాను. నేను వాళ్లలాంటిదాన్ని కాదు మరి! విదేశీ పత్రికల కవర్లు ఫోన్‌లో చూసి చూసి, ఖాళీ జాగా ఎంత ఎక్కువుంటే అంత గొప్ప డిజైన్ అని కనిపెట్టేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లోపల ఏం రాయాలో తెలియకముందే పత్రికకు పేరు కూడా పెట్టేశాను. 'నిశ్శబ్దం'. సంగీత పత్రికకు నిశ్శబ్దం అని పేరు! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, అబ్బో, ఏం పేరు పెట్టానని అద్దం ముందు నిలబడి మురిసిపోయాను.

కవర్ మీదికి మనిషి కావాలి. ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో, మా గల్లీ చివర బ్యాండు చాచా ఉండేవాడు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో క్లారినెట్ వాయిస్తున్న మనిషి. మాక్లూర్ నుంచి దొంకేశ్వర్ దాకా ఆయన ముందు నడవని బరాత్ లేదు. డీజేలు వచ్చాక ఆయన బ్యాండు చిక్కి చిక్కి నలుగురికి వచ్చింది. మా దగ్గర పసుపు అమ్ముడుపోతే గానీ పెళ్లిళ్లు కదలవు. కాబట్టి ఏడాది మొత్తానికి చాచాకు దొరికేది మాఘం నుంచి వైశాఖం దాకా ఉండే ఆ కొన్ని ముహూర్తాలే. ఆ ఏడు దొంకేశ్వర్‌లో ఒక పెద్ద రైతు, కొడుకు పెళ్లికి డీజే వద్దు, నా పెళ్లికి వాయించిన చాచానే రావాలని పట్టుబట్టాడు. ఆ పెళ్లి చూసి ఇంకో నాలుగు పెళ్లిళ్లు వస్తాయని, మిగిలిన ముగ్గురూ బ్యాండు వదిలి పోకుండా నిలుస్తారని చాచా ఆశ. ఈ సంగతంతా ఫొటో దిగుతూ నాకు చెప్పాడు. నేను విన్నాను. వింటూ, మొహం మీద వెలుతురు సరిగ్గా పడుతోందా లేదా అని చూసుకున్నాను.

ఫొటోకు ఒప్పుకునేటప్పుడే ఆయన రెండు మాటలు అడిగాడు.

"బేటీ, ఎర్ర కోటు, టోపీ మంచిగ కనవడాలె. ఇంకోటి, నా ఫోన్ నంబర్ జర పెద్దగ ఎయ్యి. అద్దాలు లేనోళ్లకు గూడ కనవడాలె."

"ఏస్త చాచా, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

పాపం, కోటు ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు. భుజాల మీద జరీ, ఇత్తడి గుండీలు. నేను కోటు విప్పించాను. టోపీ తీయించాను. కళ్లు మూసుకోమన్నాను. సగం మొహం నీడలో ఉండేలా గోడ పక్కన నిలబెట్టాను. క్లారినెట్ కొస గడ్డం కింద కొద్దిగా కనిపిస్తే చాలనుకున్నాను. తర్వాత కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చొని రంగు మొత్తం తీసేసి నలుపు తెలుపు చేశాను. ఫోన్ నంబర్ కూడా పెట్టి చూశాను. ఆ పది అంకెలు నా ఖాళీ జాగా మీద ఈగలు వాలినట్టు అనిపించాయి. తీసేశాను. పైన 'నిశ్శబ్దం', కింద సన్నటి అక్షరాల్లో 'నలభై ఏళ్ల ఊపిరి'. చాచాకు చూపించాలన్న ఆలోచనే రాలేదు. ఆయనకు డిజైన్ గురించి ఏం తెలుసని?

జిరాక్స్ కాగితంలో చివరి అంశం ప్రజాభిప్రాయ సేకరణ. సార్ దాన్ని తన బుద్ధికి తోచినట్టు అర్థం చేసుకొని, ఎవరి కవర్ వాళ్లు ఫ్లెక్సీ కొట్టించి చౌరస్తాలో కట్టండి, జనం ఏమంటారో రాసుకురండి అన్నాడు. మా ఊళ్లో జనానికి ఏదైనా తెలియాలంటే అదొక్కటే దారి కాబట్టి ఆయన్ను తప్పు పట్టలేం.

ఫ్లెక్సీ షాపు అన్న మీసం దువ్వుకుంటూ నా ఫైల్ తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు పోయిండు చెల్లె?"

"ఎవరు?"

"గీ చాచా. మొన్ననే చాయ్ తాగుతుంటే సూసిన గదా."

"పోవుడేంది అన్నా, మంచిగనే ఉన్నడు. గిది మ్యాగజైన్ కవర్."

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. "జూడు చెల్లె, మనూర్ల మనిషి ఫ్లెక్సీ మీదికెక్కిండంటే బర్త్‌డే అన్న అయ్యుండాలె, సచ్చిపోయన్న ఉండాలె. మూడోది లేదు. నువ్వు రంగు తీసినవ్, కండ్లు మూయించినవ్, మీదికెల్లి నిశ్శబ్దం అని రాసినవ్. నా మాటిను. కింద జన్మదిన శుభాకాంక్షలు అని ఒక్క ముక్క పెడ్త. పైన ఇద్దరు లీడర్ల ఫొటోలు పెడ్త. పెద్దమనిషి బతికి బయటవడ్తడు."

"అన్నా, దీన్ని మినిమలిజం అంటరు. నీకు సమజ్ గాదు," అన్నాను.

"సరే తల్లీ, నీ సదువు నీది," అని ఆయన బటన్ నొక్కాడు. ఏళ్ల తరబడి ఊరి పుట్టినరోజులు, చావులు అచ్చేస్తున్న మనిషికి ఊరి కళ్లు ఎట్లా చూస్తాయో తెలియదట, నిన్న గాక మొన్న మౌస్ పట్టుకున్న నాకు తెలుసట! పొగరు. దానికి ఇంకో పేరు లేదు.

పొద్దున్నే కట్టించాను. నోటుబుక్కు పట్టుకొని ఎదురుగా కూల్‌డ్రింక్ షాపులో కూర్చున్నాను. పసుపు బస్తాలతో వచ్చిన ఒక రైతు ట్రాక్టర్ ఆపి, తలగుడ్డ తీసి, ఫ్లెక్సీకి దండం పెట్టుకొని పోయాడు. ఓహో, మా ఊళ్లో కళకు ఇంత గౌరవమా అనుకొని రాసుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లు ఆటో దిగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. 'తీవ్ర భావోద్వేగం' అని రాసుకున్నాను. ఎవరో బంతిపూల దండ తెచ్చి ఫ్లెక్సీ కర్రకు తగిలించేదాకా నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

అప్పటికే ఊరి వాట్సాప్ గ్రూపుల్లో నా కవర్ చక్కర్లు కొడుతోంది. ఓం శాంతి, ఓం శాంతి, ఏడుపు బొమ్మలు, దండాలు. పోయిన ఏడు కూతురి పెళ్లికి చాచాను కాదని డీజే పెట్టించిన ఒక పెద్దమనిషి, ఆయన క్లారినెట్ లేని పెళ్లి పెళ్లే కాదని రాశాడు. ఇంకొకాయన, ఇలాంటి కళాకారులను మనం బతికుండగా గుర్తించాలి అని రాశాడు. బతికే ఉన్నాడు కదయ్యా, గుర్తించు మరి! నలభై ఏళ్లలో ఒక్కసారి చప్పట్లు కొట్టని ఊరు ఒక్క మధ్యాహ్నంలో ఆయన్ను మహా విద్వాంసుణ్ని చేసేసింది. పోయిన మనిషిని బుక్ చేసుకోవాల్సిన పని ఉండదు కదా, పొగడ్డానికి ఏం పోయింది.

సాయంత్రం చాచా మా ఇంటికి వచ్చాడు. అమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"క్యా బేటీ, నేను ఎప్పుడు పోయిన? జర ముందుగాల చెప్పరాదు, ఇంట్ల చెప్పి పోతుంటి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అమ్మ చేతిలో ఆకు కింద పడింది. "నిన్ను సదివిపిచ్చేది మనుషులను సంపుతందుకానే?" అని లేచింది. నేను చౌరస్తాకు పరుగెత్తి ఫ్లెక్సీ విప్పించాను. కానీ ఫోన్లలోకి ఎక్కినదాన్ని ఎవరు విప్పుతారు?

మర్నాడు చాచా ఎర్ర కోటు వేసుకొని, తను బతికే ఉన్నట్టు చూపించుకోవడానికి దొంకేశ్వర్ బయల్దేరాడు. ఎవరైనా నమ్మకపోతే సాక్ష్యం చెప్పడానికి నేనూ వెంట పోయాను. రైతు మంచివాడే. కుర్చీలు వేయించాడు, చాయ్ ఇప్పించాడు, చాచా చెయ్యి పట్టుకొని, నువ్వు బతికున్నవ్, గంతే చాలు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకు చాచా. ఇంట్ల ఆడోళ్లు వద్దంటున్నరు. జనమంత ఒక్కపారి దండ ఏసినంక గా మనిషిని లగ్గానికి ఎట్ల పిలుస్తమంటున్నరు. రేపు పిల్లకో పిల్లగానికో ఏమన్న అయితే గదే మాటొస్తది. డీజేకు చెప్పేసిన. వచ్చేటి ఏడు సూద్దాం."

"గట్లనే," అన్నాడు చాచా.

వచ్చేటి ఏడు పెళ్లికొడుకు మళ్లీ పెళ్లి చేసుకుంటాడా ఏం? అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగే మొహం నాకెక్కడిది? ఆ వారంలోనే ఇంకో రెండు పెళ్లిళ్లవాళ్లు ఫోన్ చేసి అదే ముక్క చెప్పారు. బ్యాండులో డ్రమ్ము వాయించే అతను డీజే బండి నడపడానికి పోయాడు. తప్పయింది చాచా అని ఆయన గడప దగ్గర కూర్చొని ఏడ్చాను.

"అయ్యింది అయ్యింది, ఏడువకు," అన్నాడు. "ఒక్క పని చెయ్యి బేటీ. మీ కాలేజీకి పరీక్ష తీస్కుంటందుకు పేపరాయన వస్తడంటివి గదా. ఆయన ముంగట నన్ను వాయించనియ్యి. చాచా బతికే ఉన్నడు, లగ్గాలకు వస్తడు అని పేపర్ల రెండు లైన్లు రాయిపియ్యి. పేపర్ల వస్తే నమ్ముతరు. ఇంకా వైశాఖం లగ్గాలున్నయ్."

నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టు వేశాను. ఆ ఒట్టు వేసినప్పుడు నిజంగానే వేశాను, అది మాత్రం నమ్మండి.

వైవా రోజు చాచా నాకంటే ముందే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కోటు, టోపీ, ఒళ్లో తుడిచి పెట్టుకున్న క్లారినెట్. నేను పిలుస్తాను, అప్పుడు లోపలికి రా చాచా అని చెప్పి పోయాను. ఎగ్జామినర్‌గా వచ్చిన పేపరాయన వరసగా గిటార్ కవర్లు చూసి చూసి కునుకుపాట్లు పడుతున్నాడు. నా 'నిశ్శబ్దం' ఆయన ముందు పెట్టాను. నిటారుగా కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

"అద్భుతం," అన్నాడు. "రంగు లేదు, హంగు లేదు, ఒక్క అక్షరం ఎక్కువ లేదు. వెళ్లిపోయిన మనిషికి ఇంతకన్నా నివాళి ఏముంటుంది? ఈ వయసులో ఎంత సంయమనం! ఎప్పుడు పోయారమ్మా ఆయన?"

మా సార్ నా వైపు చూశాడు. ఊరంతటికీ తెలిసిన సంగతి ఆయనకూ తెలుసు. తన డిపార్టుమెంటుకు ఇలాంటి పొగడ్త రావడం అదే మొదటిసారి అన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. తల ఎత్తి ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

నేను చెప్పాల్సింది ఒక్క మాట. పోలేదు సార్, బయట బెంచీ మీద కూర్చున్నాడు, పిలుస్తాను. అంతే. ఆ మాట అన్నానో, నివాళి కాస్తా పొరపాటవుతుంది, సంయమనం కాస్తా తెలివితక్కువతనమవుతుంది. ఫ్లెక్సీ షాపు అన్న చెప్పిందే నిజమని నేనే నిండు సభలో ఒప్పుకున్నట్టవుతుంది.

"మాఘంలో, సార్," అన్నాను.

గొంతు కొంచెం వణికింది. ఆయన దాన్ని దుఃఖమనుకున్నాడు, ఇంకో నాలుగు మార్కులు వేసి ఉంటాడు. థూ, నా బతుకు!

బయటికి వచ్చేసరికి చాచా లేచి కోటు సర్దుకుంటున్నాడు. "పిలుస్తున్నరా బేటీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పేపరాయన చాయ్ తాగడానికి బయటికి వచ్చాడు. ఎర్ర కోటును, చేతిలో క్లారినెట్‌ను చూసి ఆగాడు. టోపీ కింద, పట్టపగటి వెలుతురులో, కళ్లు తెరిచి ఉన్న ఆ మొహాన్ని ఆయన గుర్తుపట్టలేదు. చాచా సలాం చేశాడు. ఆయన చాచా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు ఆయన బ్యాండు వాళ్లా? మాఘంలో పోయారని ఇప్పుడే ఈ అమ్మాయి చెప్పింది. గొప్ప కళాకారుడు. ధైర్యంగా ఉండండి."

చాచా నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆయన ఒక్క మాటంటే నా మార్కులు, నా పరువు, మా సార్ పరువు అన్నీ ఆ వరండాలోనే కూలిపోయేవి.

"ఔ సాబ్," అన్నాడు చాచా. "మస్తు మంచిగ వాయించెటోడు."

పేపరాయన తల పంకించి వెళ్లిపోయాడు. చాచా బెంచీ మీద కూర్చొని, క్లారినెట్‌ను ముక్కలుగా విప్పి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "పాసయితవా బేటీ?" అని అడిగాడు. తలూపాను. మంచిది అని, మెట్లు దిగి పోయాడు. నేను వెంట పోలేదు. లోపల మార్కుల షీటు మీద సంతకం పెట్టాల్సి ఉంది.