సీఈవో గారికి ఉద్యోగం కావాలి

దుబాయ్‌కి దగ్గర్లో ఉన్న అల్ ఐన్‌లో, విద్యార్థుల చేత కంపెనీలు పెట్టించే మా యూనివర్సిటీ ఇంక్యుబేటర్‌లో ఒక ఆచారం ఉండేది. విద్యార్థి చేరిన రోజే 'వ్యవస్థాపకులు, సీఈవో' అని విజిటింగ్ కార్డులు అచ్చువేయించి చేతిలో పెట్టేవాళ్లం. కంపెనీ పుట్టకముందే బారసాల అన్నమాట. వాళ్లకు వ్యాపారం నేర్పే మెంటర్‌ని నేను. జీవితంలో గోలీసోడా కూడా అమ్మి ఎరగను.

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన బ్యాచ్‌లో ఒక తెలుగమ్మాయి ఉండేది. వాళ్లమ్మ కోనసీమ మనిషి, ఇక్కడే ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. అమ్మాయిది స్టూడెంట్ వీసా. అది అయిపోయేలోగా ఉద్యోగం దొరికితే తల్లీకూతుళ్లు ఒకే దేశంలో ఉంటారు. లేకపోతే లేదు. ఇంక్యుబేటర్‌లో చేరితే ఉద్యోగం తేలిగ్గా వస్తుందని చేర్పించింది మేమే. అక్కడ ఆ అమ్మాయి ఖర్జూరపు గింజలు వేయించి, మిక్సీ పట్టి కాఫీపొడి చేసేది. బాగుండేది కూడా.

చదువు పూర్తవగానే దుబాయ్‌లో రెండు ఇంటర్వ్యూలకి వెళ్లి, సాయంత్రం నా గదికొచ్చింది.

"హెచ్ఆర్ ఆయన హైదరాబాదీ, సర్. 'నువ్వే సీఈవో గదమ్మా, నీకు నేను సార్‌నెట్లయిత? రేపు నీ దుకాణం నడిస్తే మమ్మల్ని ఇడిసిపోతవ్' అన్నారు."

"సీవీలోంచి ఆ ముక్క తీసేద్దాం."

"తీసేసి ఇంకోచోటికి వెళ్లాను కదా సర్. రెండేళ్లుగా చదువు తప్ప ఇంకేమీ చేయలేదా అన్నారు."

ప్లేస్‌మెంట్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి స్క్రీన్ మీద ఆమె పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు: స్వయం ఉపాధి. ఉపాధి ఉన్నవాళ్ల సీవీలు కంపెనీలకు పంపరట. ఆ టిక్కు తీయించమని మా ముదీర్‌ని, అంటే డైరెక్టర్ గారిని, అడిగాను.

"సక్సెస్ స్టోరీని ఫెయిల్ చేయమంటావా? ఖలాస్. కొత్త బ్యాచ్ చూడు" అన్నాడు.

నా కాంట్రాక్టు పొడిగించే సంతకం ఆయనదే. ఆయన ఖలాస్ అన్నాడు, నేను క్లాసుకు పోయాను.

వీసా ముగిసే వారం తల్లి ఫోన్ చేసింది.

"సార్, మా పిల్ల కంపెనీకి ఓనరంట కదండీ. బయటోళ్లు ఇవ్వకపోతే పోనీండి, ఆ కంపెనీలోనే ఏదో చిన్న ఉద్యోగం ఇప్పించండి బాబూ."

ఆ కంపెనీకి లైసెన్సు లేదని, ఉన్నదల్లా ఒక మిక్సీ, అట్టపెట్టెడు కార్డులేనని ఎలా చెప్పను? "చూస్తానమ్మా" అన్నాను. చూడటంలో నేను దిట్టని.

ఇండియా వెళ్లిపోతున్న అమ్మాయినీ, సాగనంపడానికొచ్చిన తల్లినీ విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్లాను. పనికొచ్చే లైసెన్సు నాకున్నది ఆ డ్రైవింగ్‌దొక్కటే. కౌంటర్ దగ్గర సూట్‌కేసు బరువెక్కువైంది. అమ్మాయి మిక్సీ ఉంచి, కార్డుల పెట్టె తీసి తల్లికిచ్చింది.

"పారేయమ్మా."

"పారేయడమేంటే? మా మేడమ్‌కి చూపించొద్దూ?"

ఆవిడ ఒక కార్డు బయటికి లాగి, చున్నీతో తుడిచి, నా చేతికిచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ. ఏమని ఉందో చదివి పెట్టండి సార్."

పైకే చదివాను, పదవితో సహా.