జేజి నేర్పిన ప్లీయే

నా చిన్నప్పుడు మా జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకేకి వేరే ఊరు కూలికి పోతాంటే ఆమెతో పోవాలని నాకు ఒకటే ఆశ. అమ్మ లేని పిల్లను కదా, జేజి పక్కన లేకుంటే నిద్ర పట్టేది కాదు.

"మోపు నెత్తికెత్తుకుంటే రా. లేకుంటే అత్త దగ్గరే ఉండు" అనింది జేజి.

వాకిట్లో ఎండిన చెనిక్కట్టె మోపు పెట్టింది. నేను కాళ్ళు బిగబట్టి, నడుం వంచి లాగినా. మోపు కదల్లేదు, నేనే దాని మీద పడినా. మా అత్త, నాయన చెల్లెలు, నవ్వుతా, "వచ్చే ఏడు పోదువులే మే, ఈ ఏడు నా పేలు చూడు" అనింది. మొగం దాచుకోని ఏడ్చినా. కండ్లు తుడుచుకునేసరికి జేజి మోపు మళ్ళీ కట్టి పెట్టింది. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళు మెత్తగా వంచి, ఒక్క ఊపున లేచి చూపించింది.

"నడుం కాదు మే, మోకాళ్ళు వంచాల."

అట్లే చేసినా. కాళ్ళు వణికినాయి గానీ మోపు నెత్తి మీదికొచ్చింది. మరుసటి రోజు జేజి కొంగు పట్టుకోని నేనూ పోయినా.

ఇప్పుడు ఇక్కడ దోహాలో నేను పని చేసే ఇంటి పాపను అల్ అజీజియాలో బ్యాలే డ్యాన్సు క్లాసుకు తీసుకుపోతాంటా. పిల్లోళ్ళు ఎగిరే ముందర టీచరమ్మ "ప్లీయే" అంటాది. అందరూ వీపు నిటారుగా పెట్టి మోకాళ్ళు వంచుతారు. అచ్చం మా జేజి మాదిరే. వచ్చీరాని హిందీలో అర్థం అడిగితే, ఫ్రెంచి మాట, వంచడం, మడవడం అని చెప్పింది. ఈ ఆట ఇటలీలో మొదలై ఫ్రాన్సు రాజుల కొలువులో పెరిగిందంట, అందుకే మాటలన్నీ ఫ్రెంచివేనంట. వంగకుండా ఎగిరితే కాళ్ళు దెబ్బతింటాయంట.

బిడ్డలారా, ఫోన్లో నేను చేసి చూపిస్తే ఊర్లో మీరు పడీపడీ నవ్వినారు. ఒక మాట మాత్రం ఆ పొద్దు చెప్పలేదు. నేను ఏడ్చేటప్పుడు జేజి మోపులోనుంచి సగం కట్టె తీసేసిందంట. నా పెండ్లయినాక ఆ అత్తే చెప్పింది. నన్ను ఇడిచిపోయేకి ఆమెకూ మనసు రాలేదు.

నేను మిమ్మల్ని ఇడిచే వచ్చినా. క్లాసు అయ్యేదాకా గోడ పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా నేనూ మోకాళ్ళు వంచుతా. లేచేటప్పుడు ప్రతిసారీ మీరుండే మన ఇంటి గడపే కనపడతాది నాయనా.