నెత్తళ్ల గంపలో మూర్ఛ మందు

సముద్రం, కొత్త పడవ, ఒడ్డున కూలిన వీరుడు, ఒక తల్లి గుండెల్లో దాచుకున్న రహస్యం: ఇతిహాసానికి కావలసినవన్నీ నా దగ్గరున్నాయి. తీరా చూస్తే ఇది నెత్తళ్లనే చిట్టి ఎండుచేపల్లో పోయిన మందు సీసా సంగతి, వీరుడేమో నిక్కరు తడుపుకున్న నేను. ఇవాళ పక్క ఫ్లాటువాళ్లు నెత్తళ్లు వేయిస్తుంటే, ఆ వాసనకి నా నాలుక మీద తియ్యటి ఎర్ర సిరప్ రుచి తేలింది.

వాకాడు దగ్గర మా పల్లెలో, ఎండాకాలం రోజుల్లో, ఇసుక మీద వలలు పరిచి నెత్తళ్లు ఆరబోస్తే, కాకుల్ని తోలే నెపంతో మేం పిల్లలం పొద్దుగుంకేదాకా గోళీలాడేవాళ్లం. నా ఒంటి మీద ఆకుల్లాంటి తెల్లమచ్చలు, ముక్కు పక్కన ఎర్రటి బొడిపెలు ఉండేవి. మీసం రాకముందే మొటిమలొచ్చాయని మామ మెచ్చుకునేవాడు. వాటికీ నా మూర్ఛలకీ కలిపి నెల్లూరు డాక్టరమ్మ ఒకటే పేరు చెప్పింది: ట్యూబరస్ స్క్లీరోసిస్. మెదడులోనూ చిన్న గడ్డలున్నాయట, పుట్టుకతో వచ్చిందట, అంటుకోదట. మందు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదట. అమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. తిరిగినా ఎవరికీ చెప్పేది కాదు. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, సీసా మాయం.

మామ కొత్త పడవను నీళ్లలోకి దించే ముందురోజు ఇల్లంతా చుట్టాలు, చేపల పులుసు ఘుమఘుమ, పసుపు, పొంగలి. తొలిసారి నన్ను పడవ ముందు కూర్చోబెడతానని మామ మాటిచ్చాడు. అమ్మ సీసాను నెత్తళ్ల గంపలో పూడ్చింది. వెళ్లే చుట్టానికి ఎండుచేపలు కట్టివ్వడం మా మర్యాద. పెళ్లైనప్పటి నుంచీ ఆ మర్యాద చేస్తున్న అమ్మకు ఆ క్షణాన అది గుర్తు రాలేదు. మొగుడికి పోర్టులో డ్యూటీ ఉందని సాయంత్రమే బయల్దేరిన ముత్తుకూరు అత్తకు, కూతురు కదా అని, మా నాయనమ్మ, జేజి, చేటతో ఎత్తి సంచి నింపేసింది. అత్తకు ఫోన్ చేస్తే ఆ సీసా ఏమిటో చెప్పాలి. అమ్మ చెయ్యలేదు.

“ఒక్క పూటే గదరా” అంది నాతో. పొద్దుటి పూటా గడిచిపోయింది.

పడవ ముందు టెంకాయ పగిలింది, ఆ వెంటే నేను పడ్డాను. తెలివొచ్చేసరికి చేతిలో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు, చుట్టూ ఊరు, కింద తడిసిన కొత్త నిక్కరు. నోట్లో చెంచా పెట్టబోయిన మామను తోసేసి, అమ్మే నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టిందట.

“ఏమైందమ్మా వీడికి?” అన్నాడు మామ.

“ఎండదెబ్బన్నా” అంది అమ్మ.

అప్పుడే నాయన ఫోన్ మోగింది. ఆయనకు చెవుడు, ఫోనెప్పుడూ స్పీకర్లోనే.

“వదినా, నెత్తళ్లలో ఏందో ఎర్ర సీసా ఉండాదే, పులుసులో పోసేదా?” అంది అత్త.

ఊరంతా వింటుండగానే అమ్మ ఫోన్ వైపు వంగింది. “పొయ్యబాక వదినా. అది మావోడి మూర్ఛ మందు.”

నేను గట్టిగా కళ్లు మూసుకుని, ఇంకా మూర్ఛలోనే ఉన్నట్టు నటించాను. పడవ నేను లేకుండానే వెళ్లింది. బాగానే తేలింది.

మధ్యాహ్నం బస్సుకు అత్త సీసా తెచ్చింది. ఆ రోజు నుంచి అది టీవీ పక్కనే, అందరికీ కనబడేలా. నేను బడికి పోతుంటే వీధి వీధంతా “అబ్బయా, మందు తాగినావా?” అని అరిచేది. తోటి పిల్లల ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇప్పుడు జేజి లేదు, నెత్తళ్లు ఆరబోసిన చోట రొయ్యల గుంటలు, సీసా పోయి మాత్రలొచ్చాయి. వేళకు గుర్తుచేసేది ఫోన్లో అలారం. దానికి అబ్బయా అనడం రాదు. ఈ మాత్రకు ఆ సిరప్ తీపి లేదు, నమలకూడదు. అన్నం తిన్నాక నీళ్లతో మింగాలి.