కుప్పం పెట్టె బరువు

మా స్టాటిస్టిక్స్ సార్ పోయారని మొన్న పొద్దున పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మదనపల్లెలో క్లాసుకు బయలుదేరుతున్నాను. ఆయన నేర్పిన పాఠమే పిల్లలకు చెప్పి, ఆ తర్వాతే బస్సెక్కాను. సెలవు పెట్టి ఉంటే ఆయనే తిట్టేవారు.

ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, ఇస్త్రీ చొక్కా సాయంత్రానికి తెల్లమరకల మయమయ్యేది. ఆర్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాం రాయడం నేర్పుతూ ఆయన అడిగేది ఒకటే: "ఈ పేరుకు విలువ యాడుండాదమ్మా?" పేర్లూ సూత్రాలూ జాబితాగా రాసి, మొత్తాన్ని లెక్కకట్టమంటే కంప్యూటరు ఆ జాబితానే తిరిగి చేతిలో పెడుతుంది. ఒక్కో సూత్రాన్నీ విడిగా లెక్కకట్టించాలి. విలువ ఎక్కడ వెతకాలో కూడా చెప్పాలి.

నేను మొదటిది చేసి రెండోది మరిచాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతుల టమాటా దిగుబడి లెక్కలు వేశాను. రైతులు దిగుబడి చెప్పేది పెట్టెల్లో. ఆ పెట్టె బరువేమో ఊరికొకటి. పెట్టె బరువును ఏ ఊరి లెక్కల్లో వెతకాలో నేను కంప్యూటరుకు చెప్పలేదు గనక అన్ని ఊళ్లకూ మదనపల్లె పెద్ద పెట్టె బరువే పడింది. కుప్పంలో వేసిన కొత్త రకం విరగకాసినట్టు తేలింది. సార్ సంతకంతో ఆ రిపోర్టు కాపీలు రైతులకు పంచేశాం. అవి చూసి అక్కడి రైతులు మళ్లీ అదే నారు తెచ్చుకోవడానికి సిద్ధమయ్యారు.

వైవాకు నాలుగు రోజుల ముందు సార్ తప్పు పట్టుకున్నారు. డిగ్రీ పోతుందని భయపడ్డాను.

"వైవా అయినాక చెబుదాం సార్," అని బతిమాలాను.

"నారు నాటేసినాక సెప్తే ఎవరికమ్మా లాభం? తప్పు నువ్వు చేసినావు, సూడకుండా సంతకం నేను పెట్టినాను. ఇద్దరం పోదాం పా. ముందు నువ్వు సెప్పు."

కుప్పంలో రైతుల ముందు నిలబడి అంతా చెప్పాను. ఒక పెద్దాయన నవ్వాడు. "మా పెట్టె సిన్నదని మమ్మల్నడిగింటే సెప్పేవాళ్లం గదమ్మా! నారు ఇంకా తేలేదులే, బతికిపోయినాం."

వైవా వాయిదా పడింది గానీ డిగ్రీ పోలేదు. ఇవాళ బోర్డు మీద తప్పు రాస్తే, పిల్లల ముందే చెరిపి ఇది నా తప్పు అనగలను. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్షే.

సార్ని తలుచుకుంటే నాకు క్లాసురూములో కనిపించరు. కుప్పంలో నేల మీద గొంతుక్కూర్చుని, రైతులు తెచ్చిచ్చిన కాపీలను ఒక్కొక్కటిగా మోకాలి మీద పెట్టుకుని, తన సంతకాన్ని తానే కొట్టేస్తూ కనిపిస్తారు.